డెల్ఫీ గోడ: దేవుడు కొన్న మనుషులు

గ్రీస్‌లో పర్నాసస్ కొండ వాలు మీదున్న డెల్ఫీకి వెళ్తే, అందరి ఫోన్లూ అపోలో గుడి స్తంభాల వైపే తిరుగుతాయి. నేను మాత్రం ఎక్కువసేపు నిలబడింది గుడి కిందున్న గోడ దగ్గర.

గుడి కట్టిన చదును నేల జారిపోకుండా క్రీ.పూ. 6వ శతాబ్దంలో లేపిన గోడ ఇది. వంకర రాళ్లని ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా చెక్కి పేర్చారు. దగ్గరికెళ్లి చూస్తే రాళ్ల నిండా చిన్న చిన్న అక్షరాలు. వాటిలో చాలావరకు బానిసల విడుదల పత్రాలే. క్రీ.పూ. 200 ప్రాంతం నుంచి చెక్కుతూ వచ్చారు.

పద్ధతి ఏంటంటే, బానిసకి తన పేరు మీద ఒప్పందం చేసుకునే హక్కు లేదు. అందుకని డబ్బు కూడబెట్టి దేవుడికి అప్పగిస్తాడు. ఆ డబ్బుతో అపోలో అతన్ని యజమాని దగ్గర "కొంటాడు". రికార్డులో ఓనర్ దేవుడు, బయట మనిషి ఫ్రీ. ధర, సాక్షుల పేర్లు అన్నీ రాతి మీదే. రేపు ఎవడైనా వచ్చి "నువ్వు నా బానిసవి" అంటే, గోడ చూపించొచ్చు.

కానీ చాలా పత్రాల్లో ఒక మెలిక ఉంది. దాని పేరు పారమొనే. డబ్బు కట్టేసినా, యజమాని చచ్చిపోయేదాకా అక్కడే ఉండి చాకిరీ చేయాలి! మనం కండిషన్స్ చదవకుండా "అగ్రీ" నొక్కేస్తాం. వాళ్లకి షరతు పూర్తిగా తెలుసు. అయినా ఒప్పుకున్నారు, వేరే దారి లేక.

డెల్ఫీ శాసనాల్లో ఇలాంటి వాళ్లు 1,000 మందికి పైగా కనిపిస్తారు, అందులో ఆడవాళ్లే ఎక్కువ. జోస్యం అడగడానికొచ్చిన రాజుల కథలు ఎక్కడైనా దొరుకుతాయి. వీళ్ల గురించి మిగిలింది మాత్రం ఈ నాలుగు లైన్లే. వెళ్తే, తప్పకుండా చూడండి.