తొలకరి చూపే రాళ్లు: సీమలో వజ్రాల వేట పుట్టుపూర్వోత్తరాలు

తొలకరి పడగానే కర్నూలు జిల్లా పడమటి భాగంలో రెండు రకాల పనులు మొదలవుతాయి. ఉరుకుంద, కౌతాళం, ఆదోని వైపు రైతులు నల్లరేగడి చేలను పత్తికి సిద్ధం చేసుకుంటారు. అక్కడికి ఆగ్నేయంగా ఉన్న తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, ఎర్రగుడి, పెరవలి చేలల్లో జనం తలలు వంచుకుని, అడుగులో అడుగు వేస్తూ వజ్రాలు వెతుకుతారు. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా కుటుంబాలతో వచ్చి, చెట్ల కింద వండుకు తిని, గుడి అరుగుల మీద పడుకుని మళ్లీ తెల్లారగానే చేలల్లోకి దిగుతారు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దర్శనానికి జనం పోటెత్తుతారు గానీ, ఆ చుట్టుపక్కల చేలల్లో రాళ్ల కోసం ఇంత వెతుకులాట ఉండదు. జిల్లా ఒకటే, కురిసే వానా ఒకటే. తేడా అంతా నేలలో ఉంది.

ఈ వెతుకులాట నిన్నమొన్నటిది కాదు. 13వ శతాబ్ది చివర తెలుగు తీరంలోని మోటుపల్లి గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, ఆ ప్రాంతంలో వజ్రాలు దొరికే తీరును వర్ణించాడు. వానలకు కొండల మీది నుంచి నీళ్లు వరదలై దిగుతాయి. వానలు వెలిశాక జనం ఆ వంకల్లో వెతికి వజ్రాలు ఏరుకుంటారు. లోయలోకి మాంసం ముద్దలు విసిరితే గద్దలు వాటితోపాటు వజ్రాలను పైకి తెచ్చేవన్న కథనూ ఆయన రాశాడు. గద్దల సంగతి కట్టుకథ. వానల సంగతి మాత్రం ఈనాటికీ జొన్నగిరి చేలల్లో కళ్లారా చూడొచ్చు.

తవ్వకాలు పెద్ద ఎత్తున సాగింది విజయనగర కాలంలోనూ, ఆ తరువాత బీజాపూర్, గోల్కొండ సుల్తానుల కాలంలోనూ. 16వ శతాబ్దిలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ అప్పటి షరతు ఒకటి నమోదు చేశాడు. వజ్రాల సీమను ఏలే నాయకుడు మంగెలిన్ అనే అప్పటి తూకంలో 20 మించిన ప్రతి రాయినీ రాయల ఖజానాకు పంపాలి. చిన్న రాళ్లు నాయకుడివి, పెద్దవి రాజువి.

17వ శతాబ్దిలో ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే గనులను స్వయంగా చూశాడు. ఆయన ‘రావల్కొండ’ అని రాసిన గని ఏదన్న దానిపై రెండు వాదాలున్నాయి. 19వ శతాబ్దిలో ఆయన పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన భూవిజ్ఞాని వాలెంటైన్ బాల్, అది తుంగభద్రకు అవతల రాయచూరు సీమలోని రౌడకుంద అన్నాడు. తరువాత చాలామంది కర్నూలుకు దక్షిణాన ఉన్న రామళ్లకోట అని తేల్చారు. అక్కడి బండల పగుళ్లు అర వేలు, వేలు వెడల్పున ఉండేవి. కొస వంచిన ఇనుప కడ్డీలతో ఆ సందుల్లోని ఇసుకను లాగి, కడిగి, వజ్రాలు తీసేవారు. కృష్ణ ఒడ్డున కొల్లూరులో పద్ధతి వేరు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. ఆ మట్టిని గోడ కట్టిన మడిలో నీళ్లతో కడిగి, ఎండబెట్టి, చెరిగి, మిగిలిన దాంట్లో వెతికేవారు. పని మొదలుపెట్టే ముందు పూజ చేసి, విందు చేసుకునేవారు. అక్కడ అరవై వేల మంది పని చేస్తున్నారని తావెర్నియే అంచనా. అంత పెద్ద గని బయటపడిన తీరు గురించి ఆయన విన్నది మాత్రం చిన్న సంగతే. చిరుధాన్యం చల్లడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడికి పాతిక క్యారట్ల రాయి దొరికిందట.

1677లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయిన ఒక వ్యాసం గోల్కొండ రాజ్యంలో 23, బీజాపూర్ రాజ్యంలో 15 గనులను లెక్కగట్టింది. రెండో జాబితాలో రామళ్లకోట, బనగానపల్లె, పెండేకల్లు పేర్లున్నాయి. రైలు జంక్షన్‌గా మనకు తెలిసిన పెండేకల్లు ఇప్పటి తుగ్గలి మండలంలోదే. జనం నేడు వెతుకుతున్న సీమ మూడున్నర శతాబ్దాల నాడే గనుల పట్టికలో ఉందన్నమాట.

ఈ వజ్రాలు ఇక్కడికి ఎలా వచ్చాయి? వజ్రం పుట్టేది భూమి లోపల 150 కిలోమీటర్లకు పైగా లోతున. అక్కడి నుంచి కింబర్లైట్ అనే కరిగిన రాయి ఒక్క ఉదుటున ఎగదన్నుకు వస్తూ దారిలో ఉన్న వజ్రాలను పైకి మోసుకొస్తుంది. అలా లేచి గడ్డకట్టిన నిలువు గొట్టాలనే పైపులంటారు. అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి. వాటి వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. కోట్ల ఏళ్ల వానలకు వాటి తలలు అరిగిపోయి వజ్రాలు చుట్టూ చెదిరాయి. కొన్ని పాత కాలపు గులకరాళ్లతో కలిసి బనగానపల్లె రాతి పొరల్లో గట్టిపడ్డాయి. కొన్ని వాగుల గరుసులోకి, ఏటి ఒడ్లకు చేరాయి.

వజ్రకరూరులో వజ్రాలకు తల్లిరాయి ఏదన్న దానిపై 1880లలో పెద్ద తగవే నడిచింది. ఫ్రెంచి భూవిజ్ఞాని షాపర్, ఇక్కడి పెగ్మటైట్ రాతిలోనే వజ్రాలు పుట్టాయన్నాడు. భారత భూవిజ్ఞాన సర్వే అధికారి రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాన్ని ఒప్పుకోలేదు. అదే దశాబ్దంలో దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల రాయికి ఆ ఊరి పేరే పెట్టారు. తరువాతి పరిశోధనలో వజ్రకరూరు కూడా అదే జాతి రాయికి నిలయమని తేలింది. 1990ల తరువాత విదేశీ కంపెనీలు కూడా రంగంలోకి దిగి, ఉత్తరాన నారాయణపేట, రాయచూరు సీమల దాకా గాలించి మరిన్ని పైపులను గుర్తించాయి. అంటే ఉరుకుందకు అటూ ఇటూ కింబర్లైట్ నేలలున్నాయి. అయితే ప్రతి పైపులోనూ వజ్రం ఉండదు. ఉన్నచోట కూడా టన్నుల కొద్దీ రాతికి దొరికేది క్యారట్‌లో పిసరంతే.

భూవిజ్ఞాని వజ్రం కోసం నేరుగా వెతకడు. దాని తోడురాళ్ల కోసం వెతుకుతాడు. వాగు మట్టిని జల్లించి, కడిగి, బరువైన గింజలను వేరు చేస్తాడు. వాటిలో ఊదా ఎరుపు పైరోప్ గార్నెట్, పచ్చని క్రోమ్ డయాప్సైడ్, నల్లని ఇల్మెనైట్ కనిపిస్తే ఎగువన కింబర్లైట్ ఉందేమోనని వాగు వెంట పైకి నడుస్తాడు. పైపు మీద తరచు తెల్లని సున్నపు కంకర పరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ కంకరనూ తవ్వి చూస్తాడు.

చేలల్లో వెతికేవాళ్లకు ఈ పేర్లు అక్కర్లేదు. వాళ్లు చూసేది ఎర్రనేల, అందులో గులకరాళ్లు, వాలు, వంక. వాన చేసే పనినే వాళ్లు నమ్ముకుంటారు. చేటతో చెరిగినట్టు వాన సన్నమట్టిని తోసుకుపోయి, బరువైన రాళ్లను పైన మిగులుస్తుంది. వజ్రం తన పరిమాణమంత నీటికంటే మూడున్నర రెట్లు బరువు, తెల్లరాయి రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. పైగా వజ్రం నీటిలో తడవడానికి ఇష్టపడదు, జిడ్డుకు అంటుకుంటుంది. కింబర్లీ గనుల్లో 1890ల నుంచి జిడ్డు పూసిన బల్లల మీద కంకర పారించి వజ్రాలు పట్టింది ఈ గుణంతోనే. వానకు కడిగిన రాయి మీద ఏటవాలు పొద్దు పడ్డప్పుడు మెరుపు తెలుస్తుంది గనుక, వేటకు పొద్దున, సాయంత్రం అనువైన వేళలు. నల్లరేగడిలో ఈ లెక్క కుదరదు. ఆ లోతైన బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు నోళ్లు విచ్చుతుంది. గులకను పైన నిలపదు, కడిగి చూపదు. ఉరుకుంద వైపు చేలు పత్తికి మంచివి, రాళ్ల వేటకు కావు.

1720లలో బ్రెజిల్ వజ్రాలు, 1860ల చివర దక్షిణాఫ్రికా వజ్రాలు బయటపడ్డాక మన గనులు మూలపడ్డాయి. ఆ తరువాత దేశంలో యంత్రాలతో నడిచిన వజ్రాల గని అంటే మధ్యప్రదేశ్‌లోని పన్నాయే. రాయలసీమలో మిగిలింది తొలకరి వేట. ఇక్కడ రాయి దొరికినవాడి దగ్గరికి వ్యాపారులే వచ్చి రంగు, తూకం చూసి నగదుకో, నగదూ బంగారమూ కలిపో కొంటారు. ఖాళీ చేతులతో తిరిగి వెళ్లేవాళ్లే ఎక్కువ.

వెళ్లాలనుకునేవాళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. ముడి వజ్రం నగల వజ్రంలా తళతళలాడదు, జిడ్డు పూసినట్టు మెరుస్తుంది. తరచు రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించిన ఆకారంలో ఉంటుంది. ఆరు పలకల స్తంభంలా ఉండి పలకల మీద అడ్డగీతలుంటే అది స్ఫటికం. వజ్రమైతే పగలదని సుత్తితో కొట్టి చూడొద్దు. గీత పడనంత గట్టిదే గానీ, దెబ్బకు పలకలుగా చీలిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, విత్తిన చేలో దిగకండి. గుంతలు తవ్వకండి. ఆ నేల మీద బతికేది రైతు.