చిలుక దొరకని బాలనాగమ్మ

బాలనాగమ్మ కథ పానుగల్లులో నడిచిందని చెప్పేవాళ్ళంతా ఒప్పుకుంటారు. అది ఏ పానుగల్లు అన్నదగ్గరే తగాదా. నల్లగొండ పక్కన ఒక పానగల్లు ఉంది. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు, కందూరు చోడుల పాలన, అన్నీ వాళ్ళకున్నాయి. మాకూ ఒకటుంది. కొత్తకోట నుంచి వనపర్తి మీదుగా కొల్లాపూర్ దిక్కు పోతే గుట్ట మీద గోడలకు గోడలు చుట్టిన ఖిల్లా, నట్టనడుమ బాలా హిస్సార్. 1417లో ఫిరోజ్ షా బహమనీ ఈ కోట కిందికి దండుతో వచ్చి, ఏళ్ళకేళ్ళు కూచుని, చివరికి విజయనగరం చేతిలో చావుదెబ్బ తిని పోయాడు. అంత చరిత్ర ఉన్నా మా దిక్కు ముసలివాళ్ళకు ఆ గుట్ట మీద కావలసింది బాలనాగమ్మ ఒక్కతే.

పానుగల్లు ఆమెకు పుట్టిల్లా మెట్టినిల్లా అన్నది ఇంకో పేచీ. మంత్రగాడు మాయల మరాఠీ ఉండే నాగళ్ళపూడి గట్టు ఎక్కడుందో చూపమంటే నలుగురు నాలుగు దిక్కులకు చెయ్యి చాపుతారు. మాయల మరాఠీ ఆమెను నల్లకుక్కను చేసి ఎత్తుకుపోయాడు కదా, అంత మంత్రం తెలిసినవాడు ఆమె వ్రతం గడువు ముగిసేదాకా ఏళ్ళ తరబడి ఎందుకు ఆగాడు? వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్నదని ఆమెకు ముందే తెలుసా, కొడుకు బాలవర్ధి వచ్చాకే తెలిసిందా? బుడిగ జంగాలు మా ఊళ్ళల్లో ఈ కథ చెప్పేటప్పుడు ఇట్లాంటి ముడి దగ్గరే ఆపుతారు. భుజాన తంబూర, వేలికి అందె, పక్కన ఇద్దరు డక్కీలవాళ్ళు. ఆడమనిషి కుక్క అయ్యే చోట డక్కీ ఒక్కసారిగా ఆగిపోతుంది. అందెతో రెండు దెబ్బలు వేసి కథకుడు జనం మొహాలు చూస్తాడు. చేటలో బియ్యం పడ్డాకే కథ ముందుకు కదిలేది. ఆ సందులోనే తగాదా పుట్టేది.

"అట్లయితె ఆ చిల్కను సంపితె సాలుగద తాతా, ఇంత కత ఎందుకు?" అని ఒక పిల్లగాడు అడిగితే ముసలాయన కోపం తెచ్చుకోడు. "నీకు జల్ది ఉంటె పోయి పండుకో బిడ్డా" అంటాడు.

ఇవాళ కొత్తకోటలో హైవే పక్క చాయ్ హోటల్లో కూచున్న పిల్లలు చేసే పని కూడా ఇదే. 'కల్కి 2898 ఏడీ' రెండో భాగంలో కర్ణుడు ఎట్లా తేలుతాడు, అశ్వత్థామ ఎవరి దిక్కు నిలబడతాడు, 'హను-మాన్' తరువాత కథ ఎక్కడికి పోతుంది. హ్యారీ పాటర్ కథలో వోల్డెమార్ట్ తన ఆత్మను ముక్కలు చేసి వస్తువుల్లో దాచాడంటే వాళ్ళకు కొత్తగా ఉంటుంది. రష్యా జానపదంలో కొష్చేయ్ చావు సూదిలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో. మా చిలుకకు చుట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. పిల్లలు ఇవన్నీ పట్టి పట్టి లెక్కలు తీస్తారు. 2025 సెప్టెంబరులో ఆ రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండదని వైజయంతీ మూవీస్ ప్రకటించినప్పుడు మాత్రం లెక్కలన్నీ తారుమారయ్యాయి. కథలో ఆమె వేసిన తల్లి ఏమవుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. కథ రాసేవాడి కలం కంటే కాగితం మీద సంతకాలు బలమైనవని వాళ్ళకప్పుడు తెలిసింది. మా బాలనాగమ్మకు ఆ సంగతి 1942లోనే తెలుసు. నేను చెబుతున్నది తెర మీది బాలనాగమ్మ మాట.

ఆ ఏడాది ఒక్క కథకు రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి 'శాంత బాలనాగమ్మ'. అందులో ఎస్. వరలక్ష్మి బాలనాగమ్మ, వేమూరి గగ్గయ్య మాయల మరాఠీ. రెండోది మద్రాసులో జెమినీ స్టూడియో అధిపతి వాసన్ తీసింది. చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వం, బలిజేపల్లి లక్ష్మీకాంతం మాటలు, పాటలు. బాలనాగమ్మ భర్త కార్యవర్ధిగా బందా కనకలింగేశ్వరరావు, మరాఠీ ప్రియురాలు సంగుగా పుష్పవల్లి, కొత్వాలుగా రేలంగి. మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు నిలబడితే పిల్లలు తల్లుల కొంగుల వెనక దాక్కున్నారట. తరువాత 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు ఆయనే అంటే నమ్మబుద్ధి కాదు. బాలనాగమ్మ వేషం కాంచనమాలది. నిలిచింది జెమినీ సినిమాయే. జనం విరగబడి చూశారు. డబ్బు వరదలా వచ్చింది.

అప్పటికి కాంచనమాలకు మించిన తార తెలుగులో లేదు. గుంటూరు సీమ పిల్ల. 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'లో చిన్న వేషంతో మొదలు. 'విప్రనారాయణ', 'గృహలక్ష్మి' దాటి 1938లో 'మాలపిల్ల' దగ్గరికి వచ్చేసరికి దేశమంతా ఆమె పేరే. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం. దళితవాడ పిల్ల శంపాలత బ్రాహ్మణ పిల్లవాణ్ణి ప్రేమిస్తుంది. ఆ రోజుల్లో తెలుగు సినిమా అంత మాట అనడమే సాహసం. మరుసటి ఏడు బి.ఎన్. రెడ్డి 'వందేమాతరం'లో చిత్తూరు నాగయ్య పక్కన, వై.వి. రావు 'మళ్ళీ పెళ్ళి'లో బాలవితంతువుగా. ఆమె బొమ్మ వేసిన క్యాలెండర్లు దేవుడి పటాల సరసన గోడలకెక్కాయి. మాట విరుపులో, కళ్ళలో ఒక ధీమా ఉండేదని చూసినవాళ్ళు రాశారు. ఆ ధీమాయే ఆమెకు చేటు తెచ్చిందని కొందరంటారు. నాకా మాట నచ్చదు. మగతారలకు అదే ధీమా ఉంటే మనం దానికి వేరే పేర్లు పెడతాం.

తరువాత జరిగిందాన్ని సినిమా చరిత్ర రాసినవాళ్ళు చెబుతూ వచ్చారు. జెమినీ ఒప్పందం ప్రకారం వాళ్ళ అనుమతి లేకుండా ఆమె బయటి సినిమాల్లో నటించకూడదు. బయట నుంచి మంచి వేషాలు వస్తున్నాయి. తనను వదిలిపెట్టమని అడిగింది. వాసన్ కుదరదన్నాడు. మాటకు మాట పెరిగింది. కోపంలో ఆమె నోటికొచ్చినట్టు మాట్లాడింది. ఆ గదిలో మాటలు రికార్డవుతున్నాయని ఆమెకు తెలియదు. కాసేపటికి ఆమె గొంతునే ఆమెకు వినిపించారట. స్టూడియోలో శబ్దగ్రహణ యంత్రం పాటలు పట్టడానికే ఉంటుందనుకునే కాలమది. తన గొంతు తనమీదే సాక్షిగా నిలబడేసరికి ఆమె మ్రాన్పడిపోయింది. ఒప్పందం కాగితం చేతిలో ఉన్నవాడు గెలిచాడు. సినిమా పూర్తిచేసి ఇచ్చి వెళ్ళిపోయింది.

నాకు ఈ ఘట్టం కథలోని కుక్క ఘట్టం కంటే భయంకరంగా కనిపిస్తుంది. అక్కడ మరాఠీ రూపం మార్చాడు, గొంతు జోలికి పోలేదు.

'బాలనాగమ్మ' ఊరూరా ఆడుతున్న రోజుల్లో బాలనాగమ్మ ఇంటిపట్టున కూచుంది. ఆ పేరు తలుచుకుని టిక్కెట్లు కొన్న జనానికి ఈ సంగతి తెలిసే దారి లేదు. తెలిసినా ఏం చేసేవాళ్ళో. ఆమె తరువాత ఎందుకు కనబడలేదని అడిగి ఊహలు అల్లుకున్నారు. డబ్బు ఎక్కువై మానేసిందని, పొగరని, ప్రేమ అని. ఊహల్లో ఒప్పందం కాగితం మాత్రం ఎవరికీ తట్టలేదు. కథ ఎక్కడ తెగిందో వెతకడంలో అంత పట్టుదల ఉన్న జనం, కథ మోసిన మనిషి ఎక్కడ తెగిపోయిందో వెతకరు. చాయ్ హోటల్ పిల్లలకూ ఈ తెగులు ఉంది, నాకూ ఉంది.

ఈలోగా కాంచనమాల భర్త జబ్బుపడి కన్నుమూశాడు. దానితో మనసు పూర్తిగా చెదిరింది. 1946లో 'నారద నారది' వచ్చింది. అది దాటాక వేషాలు దాదాపు లేవు. ఆ తరువాత మనుషుల్ని గుర్తుపట్టడం, మాట్లాడటం తగ్గిపోయాయి.

వాసన్ 1948లో 'చంద్రలేఖ' తీసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. 1969లో పద్మభూషణ్ వచ్చింది, ఆ ఏడాదే పోయాడు. బాలనాగమ్మ కథ కూడా ఆగలేదు. 1959లో వేదాంతం రాఘవయ్య మళ్ళీ తీశాడు. ఎన్.టి. రామారావు, అంజలీదేవి, మాయల ఫకీరుగా ఎస్.వి. రంగారావు. పాత మరాఠీ గొప్పా కొత్త ఫకీరు గొప్పా అని కొత్త తగాదా మొదలైంది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ రంగారావుకే ఓటేస్తారు, గోవిందరాజుల వారిని వాళ్ళు చూస్తే గదా. కాంచనమాల పేరు ఆ తగాదాలోకి రాదు.

ఆమెకు దిక్కైంది తోటి నటి లక్ష్మీరాజ్యం. 1963లో 'నర్తనశాల' నిర్మించిన లక్ష్మీరాజ్యమే. తనతోపాటు వేషాలు వేసిన మనిషి ఒంటరిగా, మతి చెదిరి ఉందని తెలిసి మద్రాసులో తన దగ్గరే పెట్టుకుని చూసుకుంది. వేళకు అన్నం పెట్టింది, మందులిప్పించింది. ఏ సముద్రాలూ దాటలేదు, ఏ చిలుకనూ పట్టలేదు. కాంచనమాల మళ్ళీ మామూలు మనిషి కాలేదు. 1981 జనవరి 24న పోయింది. 'నారద నారది' వచ్చి అప్పటికి 35 ఏళ్ళు.