తాళాలగుత్తి నుండి మెదడు గీత దాకా

మా చిన్నతనంలో ఊళ్ళో ఎవరికైనా మూర్ఛ వస్తే, చుట్టూ చేరినవాళ్ళు ముందుగా చేతిలో తాళాలగుత్తి పెట్టేవారు. ఇనుము తగిలితే మూర్ఛ దిగుతుందని నమ్మకం. నిజానికి చాలామందికి అది రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. ఘనత మాత్రం తాళాలకు దక్కేది! తల తెరవకుండానే ఈ జబ్బు గుట్టు పట్టిన ఇ.ఇ.జి. పరీక్ష కథను ఇక్కడ ముచ్చటిస్తాం.

మెదడులో విద్యుత్తు ఉన్నదని 1875లో ఇంగ్లండులో రిచర్డ్ కేటన్ చూపారు. అయితే అందుకు జంతువుల మెదడును తెరవవలసి వచ్చింది. జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మనిషి మెదడు విద్యుత్తును నమోదు చేశారు. మళ్ళీ మళ్ళీ పరీక్షించుకొని, తలపై చర్మం మీద నుండే దాన్ని గ్రహించవచ్చని 1929లో ప్రకటించారు. చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అదే ప్రయోగం చేసి నిజమేనన్నారు.

మన రిచ్‌మండ్ హిల్‌లో డన్‌లప్ వేధశాల తెరుచుకున్న 1935లోనే, బోస్టన్‌లో గిబ్స్, డేవిస్, లెన్నాక్స్ ఒక ముఖ్య విషయం బయటపెట్టారు. కొందరు పిల్లలు ఉన్నట్టుండి కొన్ని సెకండ్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. అప్పుడు వాళ్ళ మెదడులో సెకనుకు మూడు చొప్పున పెద్ద అలలు లేస్తాయి. పరధ్యానమని పంతులుగారి చేత తొడపాశం తిన్న పిల్లల్లో ఎందరికి ఈ జబ్బు ఉండేదో!

ఇందులో కెనడా పాత్ర చిన్నది కాదు. 1934లో పెన్‌ఫీల్డ్ మాంట్రియల్‌లో నాడీవైద్య సంస్థను స్థాపించారు. అక్కడ పనిచేసిన హెర్బర్ట్ జాస్పర్, తలపై తీగలు ఎక్కడెక్కడ అతికించాలో కొలతలు నిర్ణయించే పద్ధతిని 1958లో ప్రకటించారు. నేటికీ లోకమంతటా అదే వాడుక. పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందిన జేకబ్ చాందీ 1949లో రాయవేలూరులో భారతదేశపు మొదటి నాడీశస్త్రచికిత్స విభాగం ప్రారంభించారు. పెద్ద జబ్బంటే రాయవేలూరికే వెళ్ళే చిత్తూరు జిల్లావాళ్ళకు మాంట్రియల్ విద్య అలా చేరువయింది.

ఇ.ఇ.జి. సర్వజ్ఞురాలు కాదు. గీత మామూలుగా ఉన్నంత మాత్రాన మూర్ఛ లేదనలేం. కాని ఇది దయ్యం కాదు, శాపం కాదు, మెదడు జబ్బు అని ఆ గీత చాటింది. అయినా తరచు మూర్ఛ రావడం వివాహానికి అడ్డంకి అన్న మాట 1976లో హిందూ వివాహ చట్టంలో చేరింది, 1999లో గాని తొలగలేదు. చట్టం మారినా, సంబంధాలు చూసేటప్పుడు ఆ జబ్బును దాచిపెట్టే భయం మన ఇళ్ళలో పోయిందా?

ఇకమీదట ఎవరికైనా మూర్ఛ వస్తే తాళాలు వెతకవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. గడియారం చూడండి, అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవండి. తేరుకున్నాక ఆ మనిషిని వింతగా చూడకండి.