మగ్గం అట్ట నుంచి పదసూచిక దాకా

సోలాపూర్ తూర్పు భాగంలోని నేతపేటల్లో మరాఠీతో పాటు తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ ప్రాంతం నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ ఊరి చద్దర్ దేశమంతటా ప్రసిద్ధం. దానిమీద నెమలినో పువ్వునో తీర్చేది జకార్డ్ సాధనం. భాషాసాహిత్య పరిశోధనలోకి కంప్యూటర్ ఎలా ప్రవేశించిందో తెలుసుకోదలచినవారు ఆ సాధనంలోని చిల్లుల అట్టతో మొదలుపెట్టడం సమంజసం.

ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో రూపొందించిన ఈ సాధనంలో ఒక్కొక్క పేక పోగుకు ఒక్కొక్క అట్ట ఉంటుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దానికి చెందిన పడుగు పోగులు పైకి లేస్తాయి. చిల్లు లేనిచోట పోగులు కిందనే ఉండిపోతాయి. అట్టలను వరసగా కూర్చి గొలుసు చేస్తే నమూనా మొత్తం అందులో ఇమిడిపోతుంది. 1830లలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను ఊహించిన గణనయంత్రానికి ఈ పద్ధతినే తీసుకున్నాడు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులు వాడాడు. అయితే ఇక్కడ ఒక భేదం గమనించాలి. మగ్గం అట్ట ఆజ్ఞ ఇస్తుంది. హోలరిత్ కార్డు సమాచారాన్ని దాచిపెడుతుంది. పండితులకు పనికివచ్చింది ఈ రెండవ గుణం.

ఇటలీకి చెందిన జెసూట్ మతగురువు రొబెర్తో బూసా 1949లో ఐబిఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిసి, థామస్ అక్వినాస్ లాటిన్ రచనలకు పదసూచిక తయారుచేయడంలో సహాయం కోరాడు. కోటికి పైబడిన పదప్రయోగాలు కార్డులకెక్కాయి. మొదట కార్డులను వేరుచేసే యంత్రాలతో, తరువాత కంప్యూటర్లతో పని సాగి, 1980 నాటికి 56 సంపుటాలు అచ్చయ్యాయి. చిల్లులు కొట్టినవారిలో ఎక్కువమంది శిక్షణ పొందిన యువతులు. 1960లలో వారు పనిచేసిన గల్లరాతే పట్టణంలోని కేంద్రం ఒకప్పటి బట్టల మిల్లు. పండితుని పేరు చరిత్రకెక్కింది కాని, వారి పేర్లను చాలాకాలం ఎవరూ ఆరా తీయలేదు.

మన దేశంలో ఐరావతం మహాదేవన్ బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ కంప్యూటర్ సహాయంతో సింధు ముద్రల మీది చిహ్నాలకు సూచిక సిద్ధం చేశారు. అది 1977లో వెలువడింది. 1983లో భద్రిరాజు కృష్ణమూర్తి మరి ఇద్దరితో కలిసి గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషల వర్గీకరణకు కంప్యూటర్‌ను వినియోగించారు. తమిళంలోని 'ఉరల్' తెలుగులో 'రోలు', అక్కడి 'ఇరండు' మనకు 'రెండు'. ఈ వర్ణవ్యత్యయం ఆ భాషల్లో ఏ మాటలను తాకింది, వేటిని తాకలేదు అన్నదే వారి ఆధారం. ఆరు భాషలను రెండేసి శాఖలుగా చీలుస్తూ పోతే 945 వంశవృక్షాలు సాధ్యం. వాటన్నిటినీ చేతితో పరీక్షించడం దుస్సాధ్యం.

అదే కృష్ణమూర్తి అంతకుముందు 1971లో మాండలిక వృత్తిపదకోశంలోని చేనేత సంపుటానికి సంపాదకులు. పడుగు, పేక, నాడె, కండె, ఆసు వంటి మాటలు జిల్లా జిల్లాకూ ఎలా మారుతాయో నేతగాళ్ల నోట విని నమోదు చేసిన కృషి అది. ఆ సర్వేకు ఎల్లలు ఆంధ్రప్రదేశ్ జిల్లాలు. సోలాపూర్ ఆ ఎల్లలకు వెలుపల ఉంది. కంప్యూటర్ ఎన్ని కోట్ల పదాలనైనా లెక్కపెట్టగలదు కాని, కార్డుకెక్కని మాటను లెక్కపెట్టలేదు.

లిపి సమస్య ఈనాడు అడ్డంకి కాదు. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం స్థిరపడింది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి రూపంలో తెలుగుకు చోటు దక్కింది. అడ్డంకి కాలమే. చేతిమగ్గం స్థానాన్ని మరమగ్గం ఆక్రమించింది. పనిముట్టు పోతే దాని భాగాల పేర్లు పలికే సందర్భమే పోతుంది. పిల్లల చదువు ఎక్కువగా మరాఠీలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. మగ్గాన్ని మరాఠీలో 'మాగ్' అంటారు, నాడెను 'ధోటా' అంటారు. ఇలాంటి మాటల్లో ఏవి సోలాపూర్ తెలుగులో కలిశాయి, ఏ తరంలో కలిశాయి, ఏ తెలుగు మాటలు చెక్కుచెదరకుండా నిలిచాయి అన్నది తేలితే, వలస వచ్చినవారు ఏయే ఊళ్ల పలుకును వెంట తెచ్చుకున్నారో ఊహించడానికి కొంత ఆధారం దొరుకుతుంది.

ఈ పనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. రాష్ట్రం వెలుపల చదువుకుంటూ, ఇంట్లో తెలుగు, బయట మరో భాష మాట్లాడే విద్యార్థులు దీనికి ఎంతో తగినవారు. మాట, అర్థం, వాడిన వాక్యం, పేట, చెప్పినవారి వయస్సు, పక్క భాషలోని సమానపదం రాసుకుంటే చాలు, మిగిలినది కంప్యూటర్ చూసుకుంటుంది. చెప్పినవారు సమ్మతిస్తే వారి పేరు కూడా రాయండి. గల్లరాతేలో జరిగిన లోపం మన పదసూచికలో జరగకూడదు.