ఈ ఒక్కరోజు తాగను

ఫోన్‌లో అవతలి గొంతు మీ పేరు అడగదు, ఊరు అడగదు. "తాగుడు మానాలని ఉందా అండీ?" అని మాత్రం అడుగుతుంది. ఉందంటారు. "అయితే సాయంత్రం ఏడింటికి రండి. గేటు దగ్గరుంటాను. నేనూ మీలాంటివాణ్ణే."

ఈ నంబరు రాసిచ్చింది డాక్టరు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఇంట్లో ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ముందు ఆస్పత్రి. అక్కడ ఒళ్లు కుదుటపడింది. కానీ ఇంటికొచ్చాక సాయంత్రాలు మొదలయ్యాయి. ఆరు దాటితే కాళ్లు వాటంతటవే వైన్‌షాపు వైపు లాగుతున్నాయి.

సికింద్రాబాద్‌లో ఓ చర్చి ఆవరణ. వెనకవైపు చిన్న గది. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి లోపలికి అడుగు పెడతారు. ప్లాస్టిక్ కుర్చీలు, చప్పుడు చేస్తూ తిరిగే ఫ్యాను, గోడ మీద పన్నెండు సూత్రాలు రాసిన బ్యానరు. బ్యాంకు ఉద్యోగి, ఆటో డ్రైవరు, రిటైరైన హెడ్‌మాస్టరు, ఓ మూలగా కాటన్ చీరలో ఒకావిడ. రిజిస్టరు లేదు, సంతకం లేదు, ఫీజు లేదు. ఇక్కడ సభ్యుడు కావడానికి కావలసిన అర్హత ఒక్కటే: తాగుడు మానాలన్న కోరిక.

కాసేపు మౌనం పాటిస్తారు. తర్వాత హెడ్‌మాస్టరు తన పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అంటాడు. అందరూ ఆయన్ని పేరుపెట్టి పలకరిస్తారు.

"మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. నిషేధం ఉన్నప్పుడూ నేను తాగాను. అమ్మ మీద ఒట్టేసి తాగాను. అయ్యప్ప మాల వేసుకుంటే మండలం పాటు చుక్క ముట్టలేదు. మాల తీసిన రాత్రే మళ్లీ మొదలు. అన్నాళ్లు ఆగినవాణ్ణి ఆ రాత్రి ఎందుకు ఆగలేకపోయానో ఇక్కడికొచ్చాకే తెలిసింది. మొదటి గ్లాసు దాకే నా మాట చెల్లుతుంది. అది దిగాక రెండోది, పదోది నా చేతిలో ఉండవు. షుగరు లాగే ఇదీ ఒక జబ్బు. పోదు, అదుపులో పెట్టుకోవచ్చు. అందుకే జీవితాంతం తాగనని ఇప్పుడు ఒట్టు వెయ్యను. ఈ ఒక్కరోజు తాగను. రేపటి సంగతి రేపు."

మూలనున్న ఆవిడ బియ్యం డబ్బాలో దాచిన క్వార్టరు సీసా గురించి చెబుతుంది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ అడ్డుపడరు, సలహా ఇవ్వరు, జాలి చూపరు. మీరు సీసా దాచింది స్కూటరు డిక్కీలో. చోటే వేరు, దాపరికం ఒకటే. ఇన్నేళ్లుగా మీకొక్కరికే ఉందనుకున్న సిగ్గు ఈ గదిలో అందరిదీ.

మీ వంతు వస్తుంది. మాట్లాడాలని లేకపోతే ఫర్వాలేదంటారు. పేరు చెబుతారు. ఆ తర్వాతి మాట గొంతులోనే ఆగిపోతుంది. ఎవరూ తొందరపెట్టరు. చివరికి అంటారు: "నేను ఆల్కహాలిక్‌ని." ఇంట్లో ఎంత పోట్లాట జరిగినా ఒప్పుకోని మాట అది.

టీ తాగుతూ, గేటు దగ్గర కలిసినాయన కథ చెబుతాడు. 1935లో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకరు ఆక్రన్ పట్టణానికి పనిమీద వెళ్లాడు. పని చెడింది, మనసు బార్ వైపు లాగింది. బార్‌కు వెళ్లకుండా, మాట్లాడటానికి తనలాంటి తాగుబోతు ఎవరైనా దొరుకుతారా అని ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట కూర్చుంటానని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. "ఆ రోజు ఎదుటివాడి కోసం ఫోన్ చేసి తను బతికాడండీ బిల్. మిమ్మల్ని గేటు దగ్గర కలుసుకుంటే నాకూ ఈ పూట గడిచింది."

సంచీ ఒకటి చేతులు మారుతుంది. టీకీ గది అద్దెకూ సభ్యులు వేసుకునేదే, బయటి విరాళాలు తీసుకోరు. కొత్తగా వచ్చారని మిమ్మల్ని వెయ్యనివ్వరు. ఆయన తన నంబరు కాగితం మీద రాసిస్తాడు. "తాగాక కాదండీ, తాగాలనిపించినప్పుడు చెయ్యండి."

ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు మతం లేదు, పార్టీ లేదు. 27 అధ్యయనాలను పరిశీలించిన 2020 నాటి కోక్రేన్ సమీక్ష, తాగుడు పూర్తిగా మాన్పించడంలో ఈ పద్ధతి ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని తేల్చింది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం 1951లో బిల్ భార్య లోయిస్ మొదలుపెట్టిన అల్-అనాన్ బృందాలు వేరుగా ఉన్నాయి.

మీ ఇంట్లో తాగుడుతో నలుగుతున్నవాళ్లుంటే మరో ఒట్టు వేయించుకోకండి. ముందు డాక్టరుకు చూపించండి. వ్యసన విముక్తి కోసం 14446కు, మనసు బాగాలేకపోతే 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఇంట్లోవాళ్లు కూడా కూర్చోగలిగే ఓపెన్ మీటింగులుంటాయి. మొదటిసారి వాళ్లకు తోడుగా వెళ్లండి.