ఎండాకాలపు సంఘం

జూబిలీ సంచిక అంటే మొదట బిషపుగారి సందేశం, తరువాత పనిచేసి వెళ్లిన అయ్యగార్ల పట్టిక, శంకుస్థాపన రాయి ఫొటో, చివర చందాలిచ్చినవాళ్ల పేర్లు. ఇవన్నీ ఉండాల్సినవే, ఇందులోనూ ఉన్నాయి. చిక్కల్లా ఆ ఫొటోలతోనే. చాలావరకు క్రిస్మస్ నాటివో, పంట పండుగ నాటివో. కొత్త చీరలు, రంగు కాగితాల తోరణాలు, వెదురుబద్దల నక్షత్రం. అవి మాత్రమే చూసినవాళ్లు మన సంఘం డిసెంబరులో పుట్టి డిసెంబరులోనే పెరిగిందనుకుంటారు. నా లెక్క వేరు. డోర్నకల్ డయాసిస్ పల్లెల్లో అక్షరం నేర్పింది, పాట కంఠతా పట్టించింది, పెళ్లిళ్లు చేసింది, తగాదాలు పెట్టి మళ్లీ రాజీ కుదిర్చింది ఎండాకాలమే. కూలి చేసుకు బతికే జనానికి కాస్త తీరిక దొరికేది ఆ రెండు మూడు నెలల్లోనే. అందుకని నాకిచ్చిన పేజీలు ఎండకే ఇస్తున్నాను.

డోర్నకల్ అప్పట్లో నిజాం రాజ్యంలోని చిన్న ఊరు. సింగరేణి బొగ్గు గనుల వైపు పోయే రైలు లైను అక్కడ చీలుతుంది కాబట్టి నలుగురికీ తెలిసిన పేరు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో పెట్టుకున్న మిషనరీ సంఘం ఈ ప్రాంతాన్ని తన పొలంగా ఎంచుకుంది. ఆ సంఘాన్ని మొదలుపెట్టినవారిలో ముఖ్యుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో స్వయంగా ఇక్కడికే వచ్చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషపుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన చుట్టూ చేరిన జనం మాత్రం ఎక్కువగా మాల, మాదిగ పల్లెల పాలేర్లు, జీతగాళ్లు, నాటు కూలీలు. 1940లు వచ్చేసరికి వాళ్ల సంఖ్య రెండు లక్షలు దాటింది. డోర్నకల్‌లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలగలిపి కట్టిన పెద్ద దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన ఎంతో పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడే నాటికి ఆయన లేరు. ఈ తేదీలు ఎవరిని అడిగినా చెబుతారు.

చెప్పనిది పల్లెలో జరిగినదాని సంగతి. అక్కడ బిషపుగారు ఏడాదికో, రెండేళ్లకో వచ్చే అతిథి. రోజూ కనబడేది ఉపదేశిగారు. జీతం కొద్ది, పని గంపెడు. పగలు పిల్లల బడి, రాత్రి పెద్దల బడి, మధ్యలో ఎవరికో జ్వరమొస్తే ప్రార్థన, ఎవరో కొట్టుకుంటే పంచాయితీ. మృగశిర కార్తెలో అరక కట్టిన పాలేరు సంక్రాంతి దాటేదాకా తనవాడు కాడు, దొర చేనులోనో పటేలు కల్లంలోనో ఉంటాడు. ఆ ఆరేడు నెలలు రాత్రి బడికి వచ్చినా కూర్చున్నచోటే కునుకు తీసేవాడు. కోతలు, నూర్పిళ్లు అయి, వెన్నెల రాత్రులు పొడిగా ఉండే చైత్ర వైశాఖాల్లోనే బడి సాగేది. అలికిన వాకిలి, ఒక లాంతరు, ముందు వరసలో పిల్లలు, వెనక తల్లులు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి రావాలి, అప్పుడే బాప్తిస్మం. చదవడం రానివాళ్లు కీర్తన పట్టుకుని దాని వెంట అర్థాన్ని పట్టుకున్నారు. తంబుర, తాళాలు, డప్పు ఉన్నచోట పాట ఆగదు. అజరయ్యగారు ఇంగ్లీషు రాగాల కంటే తెలుగు కీర్తనలకు, కథాకాలక్షేపానికి, కోలాటానికి చోటిచ్చిన మనిషి కావడం మనకు కలిసొచ్చింది. బాప్తిస్మం రోజున తీసుకునేవాళ్ల చెయ్యి వాళ్ల తలమీదే పెట్టించి, సువార్త చెప్పకుండా ఊరుకుంటే నాకు శ్రమ అని అపొస్తలుడైన పౌలు అన్న మాటను వాళ్ల నోటితో అనిపించేవారు. అలా అన్నవాళ్లు మర్నాడు పక్కపల్లె చుట్టాల ఇంటికి వెళ్లి అక్కడ ఈ సంగతి కదిపేవాళ్లు. ఎండాకాలం చుట్టరికాల కాలం కూడా కదా.

మన ఆరాధన క్రమంలో బాప్తిస్మానికి ముంచడమైనా చెల్లుతుంది, నీళ్లు పోయడమైనా చెల్లుతుంది. ఏది ఎప్పుడన్నది వేదాంతం తేల్చలేదు, చెరువు తేల్చింది. నీళ్లున్న ఏడు చెరువులో ముంచారు, పగుళ్లిచ్చిన ఏడు కడవతో తెచ్చి పోశారు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి బావి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఊరి బావిలో పల్లె చేద పడకూడదన్న రోజుల్లో ఎవరో పుణ్యాత్మురాలు పోస్తే తాగాలి, లేకపోతే వాగులో చెలమ తీసుకోవాలి. మిషను ఆవరణలోనో, గుడి పక్కనో బావి పడ్డ పల్లెలకు ఆ బావి ఉపకారం ప్రసంగాల ఉపకారం కంటే ముందు తెలిసింది. ఎండలు ముదిరేకొద్దీ సంఘమంతా రోజుకు రెండు పూటలు అక్కడే కూడేది. బావి అడుగంటితే వంతులు, వంతులు తప్పితే జుట్లు పట్టుకోవడాలు. ఆదివారం సంస్కారం తీసుకునే ముందు సమాధానపడాలి కాబట్టి శనివారం రాత్రి అయ్యగారి అరుగు మీద రాజీ. పెద్దల మీటింగు మినిట్సులో ఇవి కనబడవు. రాయగలిగిన విషయాలు కావవి.

గుడి కట్టడం గురించి సంచికలో వేరే వ్యాసం ఉంది. నేను ఒక్క మాట అంటాను. తాటాకు పాక ఫొటోను మనవాళ్లు ‘అప్పటి దీనస్థితి’ అన్నట్టు చూపిస్తారు. మట్టిగోడ, తాటాకు కప్పు, చల్లిన పేడనీళ్లు, రెండు వైపులా ఖాళీ. మే నెల మిట్టమధ్యాహ్నం కూర్చోగలిగిన గుడి అదొక్కటే. తరువాత బెంగుళూరు పెంకులు వచ్చాయి, అదీ ఫరవాలేదు. రేకులు వేసిన రోజునుంచి కష్టం మొదలైంది. ఇప్పటి స్లాబు రాత్రి తొమ్మిదైనా సెగలు కక్కుతూనే ఉంటుంది. నిప్పు పుడుతుందన్న ఒక్క భయమే పాకకు శత్రువు, అది నిజమైన భయమే, కాదనను. కానీ గొప్ప కోసం చల్లదనాన్ని వదులుకున్నామన్న మాట జూబిలీ వేళ ఎవరో ఒకరు అనాలి.

ఇక పండుగలు. క్రిస్మస్ తేదీ మారదు. ఈస్టరు మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎక్కడైనా పడవచ్చు. పట్నంలో ఇది క్యాలెండరు సంగతి, పల్లెలో కూలి సంగతి. 2008లో ఈస్టరు మార్చి 23న వచ్చింది, మిరప కోతలు మంచి ఊపు మీదున్న వారం. 2011లో ఏప్రిల్ 24న వచ్చింది, అప్పటికి చేలు ఖాళీ. అదే గుడి, అదే జనం. మొదటిసారి గుడ్ ఫ్రైడేకు ముసలివాళ్లూ పిల్లలూ, రెండోసారి నిలబడటానికి చోటు లేదు. భక్తి పెరిగిందని ఆ ఏడు రిపోర్టులో రాసుకుంటే మన ఇష్టం.

మట్టల ఆదివారానికి ఇక్కడ ఈత మట్టలే. పిల్లలు ముందురోజు వాగుగట్టుకు పోయి కోసుకొస్తారు, ముళ్లు గుచ్చుకున్న చేతులతో ఊరేగింపులో ముందుంటారు. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా సిలువపై పలికిన ఏడు మాటల ధ్యానం. ఈ మూడు గంటల ఆరాధన 17వ శతాబ్దం చివర పెరూ దేశపు లీమా నగరంలో జెసూట్ గురువులు మొదలుపెట్టింది. అంత దూరం నుంచి బయలుదేరి సరిగ్గా మన వడగాడ్పు వేళకు చేరింది. అయినా ఏటా జనం ఎక్కువగా కదిలేది దీనికే. ఏడు మాటలకు ఏడుగురు మాట్లాడతారు. అందులో ఒకటి రెండు మాటలు ఆడవాళ్లకు ఇవ్వడం అలవాటైన చోట, ‘దప్పిగొనుచున్నాను’ అన్న మాట మీద వాళ్లు చెప్పినంత సూటిగా వేదాంత కళాశాలలో చదివినవాళ్లెవరూ చెప్పలేరు. బిందె మోసినవాళ్లు వాళ్లు. మూడింటికి ఉపవాసం విడిచేది మజ్జిగతో.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో కూడడానికి వారం ముందునుంచే పని మొదలవుతుంది. కంప కొట్టాలి, వానలకు కుంగిన మట్టి దిబ్బలకు మళ్లీ రూపం తేవాలి, సున్నం కొట్టాలి. పల్లెలో రాతి సమాధులు తక్కువ, పేరు చెక్కినవి ఇంకా తక్కువ. ఏ దిబ్బ ఎవరిదో ముసలమ్మలకే తెలుసు. “అది మీ జేజమ్మదిరా, దాని పక్కది గత్తరలో పోయిన నా తోడికోడలిది” అంటూ చేత్తో చూపిస్తారు. చీకటితోనే కొవ్వొత్తులు పెట్టి పాడుతుంటే వాళ్లు పేర్లు చెబుతూనే ఉంటారు. అయ్యగార్ల పట్టిక అచ్చులో ఉంది. ఈ పట్టిక వాళ్ల దగ్గరే ఉంది, ఎవరైనా ఒక ఈస్టరుకు నోటుబుక్కు తీసుకెళితే మంచిది.

ఈస్టరు దాటితే పెళ్లిళ్లు. శ్రమకాలపు నలభై రోజుల్లో పెళ్లి చెయ్యరు కాబట్టి ఆగినవన్నీ ఒక్కసారి మీద పడతాయి. మూడు ఆదివారాలు వరసగా గుడిలో ప్రకటన చదవాలి. ఒక్కోసారి ప్రసంగం కంటే ప్రకటనలే పొడుగు. ముహూర్తం గొడవ లేదు, మూఢం పట్టింపు లేదు, అందరికీ పెళ్లిళ్లు లేని రోజుల్లో మండపం కాస్త చవగ్గా దొరకడం మనకో చిన్న లాభం. కానీ 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, ప్రత్యేక అనుమతి లేనిదే, ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే పెళ్లి జరగాలి. పొరుగువాళ్లు అర్ధరాత్రి చల్లగాలిలో తాళి కట్టుకుంటుంటే మనం పట్టపగలు కడతాం. శుభలేఖలో పదకొండు గంటలు, ఆరాధన మొదలయ్యేది పన్నెండున్నరకు, పెళ్లికొడుకు ఒంటిమీద కోటు. చట్టంలో కోటు లేదు, ఆ శిక్ష మనకు మనం వేసుకున్నదే.

మే నెలలో వాన కోసం ప్రార్థన చేస్తాం. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ప్రార్థనల పుస్తకంలో వాన కోసం ఒక ప్రార్థన, వాన తెరిపివ్వాలని మరో ప్రార్థన పక్కపక్కనే ఉంటాయి. రెండోది రాసినవాళ్ల కష్టం ఏమిటో రోహిణి కార్తెలో మనకు ఎంత ఆలోచించినా ఊహకు అందదు. పెంతెకొస్తు పండుగ ఒక్కో ఏడు ఆ రోహిణి మంటల్లోనే వస్తుంది, 2011లోలా జూన్ 12న వస్తే మృగశిర చినుకులతో కలిసి వస్తుంది. అలా కలిసిన ఏడు ఆ పండుగకు ఎవరూ వివరణ అడగరు.

ఇదంతా తీరిక ఉన్న ఎండాకాలం కథ. ఆ తీరిక క్రమంగా కరిగిపోయింది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ ఖమ్మం వైపు వచ్చింది. రెండో పంట వచ్చింది, దాని వెనక పత్తి, మిరప వచ్చాయి. కూలి పెరిగింది, మంచిదే. కానీ మిరప ఏరడానికి ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని నెలా రెండు నెలలు పొరుగు మండలాలకు పోయే కుటుంబాలు ఎక్కువయ్యాయి. గుడి హాజరు పుస్తకంలో ఆ ఆదివారాలు వెలితిగా ఉంటాయి. హాజరు పుస్తకం ఒక్కటే చూస్తే సంఘం చల్లబడిందనిపిస్తుంది. కల్లంలో పరదాల కింద, ఎర్రటి కాయల ఘాటుకు దగ్గుతూ, ఫోను వెలుతురులో రాత్రి ప్రార్థన చేసుకునేవాళ్లను చూసినవాడు ఆ మాట అనడు. బండి మీద అక్కడికి వెళ్లి రాత్రి పదింటికి సంస్కారం ఇచ్చివచ్చిన అయ్యగార్లు ఉన్నారు. ఆ ప్రయాణాలకు పెట్రోలు బిల్లు ఏ పద్దులో రాయాలన్నది కమిటీలో చాలాసేపు నలిగిన సమస్య.

2006 తర్వాత ఉపాధి హామీ పని కూడా ఎండాకాలానికే వచ్చి చేరింది. తెల్లారి చెరువు పూడికకు పోయి ఎండెక్కేసరికి తిరిగొస్తారు. అందుకే వారం మధ్య కూటాలన్నీ సాయంత్రానికి మారాయి. పొద్దున్నే మోగే గంట ఈ మూడు నెలలు పొద్దు వాలాక మోగుతుంది. మళ్లీ ఆరుబయట చాపలు, మళ్లీ వెనక వరసలో తల్లులు.

పిల్లలకు మాత్రం మే నెల అంటే సెలవుల బైబిలు బడి. అక్షరాలా పండుగే. అభినయ పాటలు, రంగుల పుస్తకం, పట్నంనుంచి వచ్చిన కాలేజీ అక్కలు, చివరిరోజు స్టేజీ మీద నాటిక. మన సంఘానికి చెందని ఇళ్ల పిల్లలు కూడా వస్తారు, బిస్కట్ల కోసమే వస్తారని పెద్దలు నవ్వుతారు. బిస్కట్లకు వచ్చినా పాట నేర్చుకునే పోతారు.

అయ్యగార్ల బదిలీలూ బడులు తెరిచేలోపే. డీసీఎం బండిలో మంచాలు, కుండీల్లో మొక్కలు, అమ్మగారి కుట్టుమిషను ఎక్కుతాయి. పెద్దల చేతికి రిజిస్టర్లు అప్పగిస్తారు. బాప్తిస్మపు రిజిస్టరుకు జూన్‌లో అసలు గిరాకీ. బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ కావాలి. రిజిస్టరులో ఒక పేరు, రేషను కార్డులో ఇంకో పేరు ఉన్న పిల్లల తండ్రులు కొత్త అయ్యగారి గుమ్మంలో నిలబడతారు. ఊళ్లో ఎవరెవరో ఆయనకు తెలిసేది ఆ వారంలోనే.

జూబిలీ గుర్తుగా గేటు దగ్గర గ్రానైటు ఆర్చి కట్టాలని కమిటీ తీర్మానించింది. ఆర్చి నీడ ఎవరి మీదా పడదు. ఆ డబ్బులో సగంతో ఆవరణ చుట్టూ వేప, కానుగ మొక్కలు పెట్టించి, రెండు ఎండాకాలాలు ట్యాంకరుతో నీళ్లు పోయించవచ్చు. మొక్కలు ఊరి నర్సరీలోనే ఉన్నాయి. ఈ సంగతి కాగితం మీద రాసి సెక్రటరీగారికి ఇచ్చాను, వచ్చే మీటింగు ఎజెండాలో చేర్చారట.