దోర్నకల్ అధ్యక్షమండలమున గ్రామసంఘముల పరిపాలనము

ఖద్దరు నేతకు పేరొందిన మెట్‌పల్లి పూర్వము కరీంనగర మండలమున చేరియుండి, 2016 నుండి జగిత్యాల జిల్లాలోనిదైనది. ఈ సీమలోని క్రైస్తవ సంఘముల చరిత్రను పరిశీలింపగోరువారికి రెండు పరిపాలన పద్ధతులు ఎదురగును. ఒకటి 1880 ప్రాంతమున హైదరాబాదు సంస్థానమున ప్రవేశించి, కరీంనగరము, మెదకు మొదలగు స్థానములలో పాదుకొన్న వెస్లియను మిషనువారిది. రెండవది దక్షిణమున దోర్నకల్ జంక్షను కేంద్రముగ వేదనాయకం శామ్యూల్ అజరయ్య నెలకొల్పినది. మొదటిదానిని గూర్చి కొంత తెలిసికొన్నగాని రెండవదాని విశేషము బోధపడదు.

ఆ కాలమున తెలంగాణపు పల్లెలలో అధికారమనగా దొరతనమే. దేశముఖు దొర, ఆ క్రింద పటేలు, పట్వారీ. ఊరి వెలుపలనున్న మాల, మాదిగ వాడలవారు వెట్టిచాకిరికి లోబడి, చావిడిలో నోరెత్తి మాటాడు హక్కు లేనివారు. క్రైస్తవ మతమును గుంపులుగ స్వీకరించినవారిలో అధిక సంఖ్యాకులు వీరే. వీరు మిషనరీని సైతము దొర యనియే పిలిచిరి. ఈ పిలుపులో గౌరవముతోపాటు పాత యలవాటు కూడ కలదు. దొర మాఱెను గాని దొరతనము మాఱలేదని అనిపించుకొను ప్రమాదము మిషను పరిపాలనకు మొదటినుండియు ఉండెను.

వెస్లియను పద్ధతిలో ఊళ్లను సర్క్యూటులుగ కూర్చి, ఒక్కొక్క సర్క్యూటుకు ఒక సూపరింటెండెంటును నియమింతురు. చిన్న చిన్న తరగతులుగ సభ్యులను విభజించి, మూడు మాసముల కొకసారి సభ చేసి లెక్కలు చూతురు. ఇది చక్కని యేర్పాటు. అయినను సూపరింటెండెంటు పదవి చిరకాలము ఐరోపీయుల చేతులలోనే నిలిచెను. 1896లో మెదకు చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్టు కఱవు దినములలో కూలి జనమునకు అన్నము పెట్టి పని కల్పించుచు కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. ఆయన సమర్థతను శంకింప నక్కఱలేదు. కాని అది ఒక మహాపురుషుని సమర్థత. ఊరివారిలో సామర్థ్యమును పుట్టించుట వేఱు సంగతి.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి మండలమున వెళ్లాళన్‌విళై గ్రామమున జన్మించెను. తెలుగు ఆయనకు మాతృభాష కాదు. యువజన క్రైస్తవ సమాజమున కార్యదర్శిగ పనిచేయుచు, 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘమును, 1905లో సెరాంపూరున జాతీయ మిషనరీ సంఘమును స్థాపించుటలో ముఖ్యుడయ్యెను. మొదటి సంఘపు నియమము గమనింపదగినది: ధనము భారతీయులది, మనుష్యులు భారతీయులు, నిర్వహణము భారతీయులది. ఆ సంఘము పనికై ఎన్నుకొన్నది దోర్నకల్, మానుకోట ప్రాంతము. 1909లో అజరయ్య కార్యదర్శి కుర్చీని విడిచి, తెలుగు నేర్చి, స్వయముగ ఆ పల్లెలకే వచ్చెను.

1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన యుపన్యాసము పెద్ద కలకలము పుట్టించెను. మిషనరీలు ధనమును, శ్రమను, ప్రాణములను సైతము ఇచ్చుచున్నారు గాని భారతీయ సహోద్యోగులకు స్నేహమును మాత్రము ఇచ్చుటలేదని ఆయన నిండుసభలో చెప్పెను. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెంటుపాల్ దేవాలయమున ఆయనకు బిషప్పుగ అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే. మదరాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్డు ఇందుకు పట్టుబట్టి నిలిచెను. తెల్లవారు నల్లవాని యాజ్ఞకు లోబడుదురా యను శంక మిషనరీలలోనే కాక భారతీయ క్రైస్తవులలోను కొందఱికి కలిగెను. తరువాతి కాలమున కృష్ణామండలము మొదలగు విశాల ప్రాంతములు దోర్నకల్ అధ్యక్షమండలమున చేరినప్పుడు ఐరోపీయులు పలువురు ఆయన క్రింద పనిచేయవలసివచ్చెను, చేసిరి కూడ.

అజరయ్య పరిపాలనమునకు మూలము గ్రామము. ప్రతి గ్రామసంఘమునకు ఒక ఉపదేశి. అతడు పగలు పిల్లలకు, రాత్రి కూలినుండి తిరిగివచ్చిన పెద్దలకు చదువు చెప్పును, ఆరాధన నడుపును. సంఘములోని పెద్దలు పంచాయతీగ కూర్చుండి కలహములను, వివాహ వివాదములను, త్రాగుడు మొదలగు దోషములను విచారింతురు. గ్రామ సంఘములపైన పాస్టరేటు, ఆపైన జిల్లా సభ, అన్నిటిపైన అధ్యక్షమండల సభ. పంచాయతీ యన్నది ఈ దేశమునకు క్రొత్తది కాదు. ఊరి పంచాయతీ యెదుట చేతులు కట్టుకొని నిలుచుటయే ఎఱిగిన వాడకు పంచాయతీలో తాను కూర్చుండుట మాత్రము మిక్కిలి క్రొత్త. మాల, మాదిగలు ఒకరినొకరు దూరముంచు పాత పట్టింపును సంఘములోనికి రానీయరాదని ఆయన గట్టిగ నిలిచెను. ఈ పట్టింపు ఒక తరములో పోవునది కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

నాయకులను తయారుచేయుటలో ఆయన చదువొక్కటే చూడలేదు. దోర్నకల్ వేదపాఠశాలలో విద్యార్థులు చేతిపని చేయవలెను. భార్యలు కూడ భర్తలతోపాటు శిక్షణ పొందవలెను. పల్లెలో స్త్రీలతో మాటాడగలుగునది ఉపదేశి భార్యయే గదా! క్రొత్తగ బాప్తిస్మము పొందినవారు తమ శిరస్సున చేయుంచుకొని, ఈ వార్తను ఇతరులకు చెప్పకుండుట తమకు తగదని పలుకునట్లు చేసిన యేర్పాటు మఱింత విశేషము. బోధ జీతము పుచ్చుకొనువాని పని యను భావమును అది మొదటి దినముననే త్రెంచివైచెను. బిషప్పు ఎద్దుబండి మీదను, బైసికిలు మీదను ఊరూర తిరిగి, ఉపన్యాసము నడుమ ప్రశ్నలడిగి, చదువురాని కూలివారిచేత బదులు చెప్పించుచుండెను. 1935 నాటికి ఆయన క్రింద 100 మందికి మించిన భారతీయ గురువులును, 2,000 మందికి పైబడిన గ్రామోపాధ్యాయులును, సహకార సంఘములు, ముద్రణశాలలు కూడ ఉండెను.

ధనవిషయమున ఆయన మఱింత కఠినుడు. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఇల్లాలు తీసి వేఱుంచు పిడికెడు బియ్యము, పంటకాలపు ధాన్యము, కోడి, గ్రుడ్లు, ఇవియే కానుకలు. పేదవానిని ఇమ్మని యడుగుట క్రూరమని తలచినవారు ఉండిరి. అజరయ్య వాదము దీనికి విరుద్ధము. ఎన్నడును ఇయ్యనివాడు ఎన్నటికిని యాచకుడే. పిడికెడిచ్చినవాడు ఆ పిడికెడు ఎట్లు ఖర్చైనదో అడుగును. వెట్టిలో తన శ్రమకే లెక్క యడుగ నోచుకొననివాడు సంఘపు జమాఖర్చులను అడుగగలుగుట ఆ పల్లెలలో చిన్న మార్పు కాదు. ఈ విషయమునే విస్తరించి ఆయన క్రైస్తవ దానధర్మమును గూర్చి ఒక గ్రంథమును కూడ రచించెను.

ఇందు లోపములు లేకపోలేదు. సంఘములు పెరిగినంత వేగముగ ఉపదేశులు దొరకలేదు. దొరకినవారి చదువు అంతంతమాత్రము. పిడికెడు బియ్యముతో పాఠశాలలు, వైద్యశాలలు నడువవు గనుక సీమధనముపై ఆధారపడుట పూర్తిగ తీరలేదు. పంచాయతీలెన్ని యున్నను తుది మాట బిషప్పుదే. ఆయన తండ్రివలె పాలించెను. తండ్రివంటి పాలనలో పెద్దకొడుకులు త్వరగ పెరుగరు. అయినను తన సంఘము రాజకీయ పక్షము కారాదను నిశ్చయముతో 1930 తరువాత క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములను ఆయన వ్యతిరేకించుట, అధికారము చేజిక్కునపుడు దానిని వలదనగలిగినవాడని తెలుపుచున్నది.

దోర్నకల్ మహాదేవాలయము ఏండ్ల తరబడి కట్టబడి 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. గుమ్మటములు మసీదును, స్తంభములు హిందూ దేవాలయమును తలపించును. వివిధ సంఘముల యైక్యమునకై అజరయ్య 1919లో తరంగంబాడి సభనుండియు పాటుపడెను గాని, ఫలితమును చూడక 1945 జనవరి 1న దోర్నకల్‌లో మరణించెను. 1947 సెప్టెంబరు 27న మదరాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు వెస్లియను సర్క్యూటులును దోర్నకల్ పంచాయతీలును ఒకే సంఘమునకు చెందినవి. మెట్‌పల్లి ప్రాంతపు సంఘములకు సమీపముననే ముఖ్యస్థానముండునట్లు కరీంనగర అధ్యక్షమండలము 1978లో వేఱుగ నేర్పడెను.